దొడ్డి వాకిట పలకరాయి

“నీ రాయి పీకేస్తారంటమ్మే. చూసుకునేదుంటే బిన్నా రా” అని చెన్నమ్మత్త ఫోన్ చేసి, నేను నోరు తెరిచేలోపలే పెట్టేసింది. బిన్నా అంటే మా వైపు తొందరగా అని. ఫోన్ ఎక్కువసేపు పట్టుకుంటే చెవి వేడెక్కుతుందని ఆమెకు భయం. ఆమె మా మేనమామ భార్య. గిద్దలూరు అవతల, కొమరోలు పోయే దావలో ఉన్న పల్లెలో కొడుకు శేషుతోనూ గొర్రెల మందతోనూ ఉంటోంది. మామ పోయి కొన్నేళ్ళయింది. ఆ రాయి నిజానికి నాది కాదు. మా తాత వాళ్ళ నాయన ఎప్పుడో గొర్రెల దొడ్డి వాకిలికి ఎదురుగా పాతిన పలకరాయి. నిలువునా నా నడుమెత్తు ఉంటుంది. అయినా ఆ ఇంట్లో అందరూ దాన్ని నా రాయి అనే అంటారు. ఎందుకంటారో చెప్పాలంటే, ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి నేను అక్కడికి వెళ్ళిన ఒక ఎండాకాలం గురించి చెప్పాలి. మార్కాపురంలో బస్సెక్కి, కిటికీ పక్క సీటు కోసం ఒక పెద్దమనిషితో తగువు పెట్టుకుని గెలిచి, బేస్తవారిపేట దాటేదాకా నేను ఆ ఎండాకాలాన్నే తలచుకుంటూ కూర్చున్నాను.

ముందు మా నాయన సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. నాయన మార్కాపురంలో పలకలు చేసే షెడ్డులో మేస్త్రీ. మా ఇంట్లో ఏ మూల వేలు పెట్టినా సన్నటి బూడిదరంగు దుమ్ము అంటేది. అమ్మ పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చి కూర్చునేది. తడిగుడ్డతో పలక తుడిచినప్పుడు వస్తుందే ఒక చల్లటి వాసన, అది మా దుప్పట్లలో ఉండేది, నాయన చొక్కాల్లో ఉండేది, ఆయన కలిపి పెట్టిన అన్నం ముద్దలో కూడా ఉండేది. గుట్ట నుంచి వచ్చిన బండను ఆయన ముందు ఉలితో తట్టి చెవి పెట్టి వినేవాడు. అంచున గీత కనిపించే చోట ఉలి ఆనించి నెమ్మదిగా కొడితే అది పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోయేది. “బండను చూడగాకమ్మే, పొరను చూడు. బండంటే ఏంది, పొర మీద పొర, అంతే” అనేవాడు. ఆ ఒక్క మాటతో లోకం మొత్తాన్ని తేల్చేశానని ఆయన ధీమా. ఉల్లిగడ్డకు పొరలు, మనిషి మనసుకు పొరలు, సర్కారు ఆఫీసుకు పొరలు. “మరి గుమ్మడికాయకు పొరలేవి నాయనా?” అని నేనడిగితే, “దేవుడు నీ నోటికి మాత్రం ఒక్క పొర కూడా పెట్టలేదు” అనేవాడు. అయితే కొన్ని బండలు ఆయన మాట వినేవి కావు. మధ్యలో ఎక్కడో తెల్లటి చార ఉండి, ఉలి పెట్టగానే అడ్డంగా పగిలి రెండు ముక్కలూ పనికిరాకుండా పోయేవి. అప్పుడు బండను తిట్టేవాడే కానీ తన మాటను ఎన్నడూ తిట్టుకోలేదు. నాకేమో తిట్లు తినే ఆ బండలంటేనే ఆసక్తి. ఇంత పెద్ద గుట్టకు అంత చిన్న మాట ఎట్లా సరిపోతోంది? సరిపోయేది ఎక్కడిదాకా?

కాలేజీలో చేరాక ఇదే తగువు ఇంకో రూపంలో ఎదురైంది. మా ఫిజిక్సు సారు మంచివాడే, మనం ఊరివాళ్ళం కదా అని లెక్కలన్నీ ఊరి భాషలోకి మార్చి చెప్పేవాడు. “వాలు మీద ఒక గొర్రె జారుతోంది అనుకోండి. దానికి కాళ్ళు లేవనుకోండి. నున్నటి గుండు అనుకోండి. నేలకు రాపిడి లేదనుకోండి” అన్నాడొకరోజు. నేను లేచి నిలబడి, “కాళ్ళు లేని గొర్రెను మా అవ్వ కొనదు సార్” అన్నాను. క్లాసంతా నవ్వింది, నన్ను బయట నిలబెట్టారు. బయట నిలబడి కూడా నేను సారుతో మనసులో వాదిస్తూనే ఉన్నాను. అన్నీ తీసేసి లెక్క చేస్తే ఎవరికైనా వస్తుంది, అందులో గొప్పేముంది? గొర్రెలో గొర్రెతనం తీసేశాక మిగిలినదాన్ని గొర్రె అనడానికి ఆయనకు సిగ్గు లేదా? పదహారేళ్ళ దానికి ఎంత కోపం రావాలో అంతా వచ్చింది.

అదే కోపంతో, పరీక్షలు కాగానే అమ్మమ్మగారి ఊరు పోయాను. ఆమెను మేము అవ్వ అంటాము. ఎప్పుడు పోయినా నాయన షెడ్డులో పక్కన పడేసిన వంకర చట్రాల పలకలు నాలుగైదు, బలపాల డబ్బా ఒకటి సంచిలో పెట్టి పంపేవాడు, ఆ వీధి పిల్లలకు పంచమని. అవ్వ ఇల్లు అంటే నాకు ముందు గుర్తొచ్చేది తెల్లవారుజాము వాసన. గొర్రెల పెంట, రాత్రి మిగిలిన సంగటి, అవ్వ ముక్కుపొడుం, వేపపుల్ల, అన్నీ కలిసిన ఒకే వాసన. అవ్వ లేవగానే ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, ఆ తుమ్ముతోనే ఇల్లు మొత్తాన్ని నిద్ర లేపేది. తాత నులకమంచం మీద కూర్చుని తలగుడ్డ చుట్టుకునేవాడు. సరిగ్గా కుదిరేదాకా ఎంతసేపైనా విప్పి చుట్టేవాడు, అది కుదరందే దొడ్డి తడిక తీయడానికి లేదు. దొడ్డి ఇంటికి ఎడమ పక్కన, చుట్టూ ముళ్ళకంప, ఒకటే వాకిలి, దానికి వెదురు తడిక. లోపల మంద అప్పటికే అరుపులు మొదలుపెట్టి ఉండేది. రాత్రంతా ఆకలితో ఉన్న గొర్రెలకు తడిక కదిలితే చాలు, అన్నీ ఒక్కసారే బయటపడాలి. అన్నీ కలిసి ఒక్కసారే ఆ వాకిలిని ఎట్లా దాటుతాయని వాటికి చెప్పేవాళ్ళు ఎవరు?

ఆ ఎండాకాలానికి కొంచెం ముందే మామ పెళ్ళయింది. చెన్నమ్మత్తది బేస్తవారిపేట పక్కన పల్లె, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. పెళ్ళికూతురిని ట్రాక్టరు ట్రాలీలో ఊరేగించి తెచ్చారు. అప్పుడు నేను వచ్చి రెండు రోజులుండి పోయాను, ఇంట్లో అందరూ నవ్వుతూ ఉన్నారు. ఇప్పుడు వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. పెళ్ళి మరుసటి రోజు నుంచి దొడ్డి వాకిట్లో గొర్రెలు ఇరుక్కుంటున్నాయట. తడిక తీయగానే ముందువి భుజాలు భుజాలు ఒరుసుకుని వాకిట్లో బిగుసుకుపోవడం, వెనకవి తోసుకురావడం, పిల్లలు కాళ్ళ కింద పడి నలగడం. చూడి గొర్రెలకు కడుపులు పోయాయి. నేను వచ్చిన నాటి పొద్దునే, మందకు ముందు నడిచే పెద్ద గొర్రె, తాత పేరు పెట్టి పిలుచుకునేది, వాకిట్లోనే నలిగి చచ్చిపోయింది. తాత దాని పక్కన గొంతుక్కూర్చుని చెవి నిమురుతున్నాడు. తలగుడ్డ ఊడిపోయి ఉంది. నేను ఆయన్ను తలగుడ్డ లేకుండా చూడటం అదే మొదలు.

“ఇన్నేండ్లలో ఇట్ల ఎప్పుడన్నా జరిగినాదా?” అంది అవ్వ, ఎవరినీ చూడకుండా. “ఆ పిల్ల కాలు పెట్టిన పొద్దు నుంచే గదా.”

“గమ్మునుండు మా” అన్నాడు మామ. అనడమే తప్ప, కాదు అనలేదు.

“నేను గమ్మునుంటే గొర్లు గమ్మునుంటాయా? కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి రానీ. దోషం పోతే పిలుచుకొద్దాం. వాళ్ళన్నకు కబురు పెట్టించినా, ఎల్లుండి వస్తాడు.”

కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో అందరికీ తెలుసు. అట్లా పోయినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఇద్దరున్నారు, ఒకామె తిరిగి రానే లేదు. ఆ రాత్రి మిద్దె మీద చెన్నమ్మత్త నా పక్కన చాప వేసుకుంది. చాలాసేపు పడుకుందనే అనుకున్నాను. ఉన్నట్టుండి లేచి కూర్చుని, కాళ్ళు రెండూ నా ముందుకు చాచింది. కొత్త మెట్టెలు, అప్పటికీ పూర్తిగా పోని పారాణి.

“నువ్వు కాలేజీలో చదువుతాండావంట గదా. చూసి చెప్పమ్మే, ఏమన్నా తేడా ఉండాయా వీటిల్లో?”

“ఏం తేడా?”

“ఏమో, నాకేం తెలుసు? మాయమ్మ ఇంట్లో ఇవే కాళ్ళు. అక్కడ బర్రె ఈనింది, వరి పండింది. ఇక్కడికొచ్చినాక మారినాయేమోనని.”

ఆమె ఏడవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను ఆ కాళ్ళను చూశాను, నిజంగానే చూశాను. అవి కాళ్ళు. అంతకుమించి వాటిలో ఏమీ లేదని నాకు తెలుసు, కానీ అవ్వకు చెప్పడానికి నా దగ్గర ఇంకో కారణం లేదు. మీ కారణం తప్పు అంటే మా ఇళ్ళలో ఎవరూ వినరు. మరి నీ కారణం ఏందని అడుగుతారు.

మర్నాడు అవ్వ నన్ను శెనక్కాయల మిల్లుకు పంపింది. అక్కడ పైన పెద్ద గరాటులాంటి రేకు తొట్టిలో కాయలు పోస్తే కింద సందులోంచి మిషన్లోకి పడతాయి. పడుతూ పడుతూ ఆగిపోతాయి. మిల్లు ఆయన కర్రతో రేకును ఒక్కటి కొడితే మళ్ళీ పడతాయి. తొట్టిలోకి తొంగి చూశాను. సందు మీద కాయలు ఒకదానికొకటి ఆనుకుని కమాను కట్టి నిలబడ్డాయి. పైనున్న బరువు ఆ కమానును పడగొట్టడం లేదు సరికదా ఇంకా బిగిస్తోంది. కాయకు ఆకలి లేదు, భయం లేదు, కాళ్ళు అసలే లేవు. అయినా సరిగ్గా తాత గొర్రెల్లాగే ఇరుక్కున్నాయి. నేను బయట నిలబడి తిట్టుకున్న సారు గుర్తొచ్చాడు. గొర్రెతనం అంతా తీసేసినా ఇరుక్కోవడం మిగిలిందంటే, ఇరుక్కోవడానికి గొర్రెతనంతో పని లేదన్నమాట. ఆ మాట తట్టినప్పుడు ఒళ్ళు జలదరించింది. సారు గెలిచినందుకు కొంచెం మంటగా కూడా ఉండింది, అది వేరే సంగతి.

అయితే కాయలు ఇప్పుడు ఇరుక్కున్నట్టు గొర్రెలు పోయినేడు ఎందుకు ఇరుక్కోలేదు? వాకిలి అదే, తడిక అదే, మంద అంతే. ఇంటికొచ్చి దొడ్డి ముందు నిలబడి చూస్తే, వాకిలికి ఎదురుగా రెండు మూరల దూరంలో, దొడ్డి లోపల పక్క, నేలలో ఒక గుంట. పూడ్చినా పల్లంగా ఉంది. “ఇక్కడేముండె మామా?” అన్నాను. “రాయి. గొర్లు ఒళ్ళు రుద్దుకునే రాయి. పెండ్లిలో ఈ పక్క కంప తీసి ట్రాక్టరు లోపలికి తిప్పుకోను అడ్డమొస్తే పీకినా” అన్నాడు. “యాడుంది అది?” అంటే గడ్డంతో చూపించాడు. నీళ్ళతొట్టి పక్కన, బట్టలుతికే బండగా పడి ఉంది. దాని మీదే చెన్నమ్మత్త మామ పంచె ఉతుకుతోంది. రాయి లేచిన రోజు, ఆమె వచ్చిన రోజు ఒకటే. ఇంట్లో వాళ్ళకు ఆమె కనిపించింది, రాయి కనిపించలేదు. కోడలికి చీర కట్టి బొట్టు పెట్టి హారతిచ్చి తెస్తారు కదా, కనబడకుండా ఎట్లుంటుంది!

సాయంత్రం అందరినీ పంచలో కూర్చోబెట్టాను. కూర్చోబెట్టాను అంటే, కూర్చునేదాకా అరిచాను. ఒక చెక్కపీటను వాలుగా ఆనించి, దాని మీద రెండు పలకలను అంచుల మీద నిలబెట్టి, కింద సన్నటి సందు వదిలి గరాటులా చేశాను. అవ్వను అడిగి చేటలో కందులు తెచ్చాను.

“ఇవి గొర్లు” అన్నాను.

“కందులు” అన్నాడు తాత.

“గొర్లు అనుకో తాతా.”

“యెందుకనుకోవాల? గొర్లు ఆడనే ఉండాయి గదా.”

“వీటికి కాళ్ళేవే?” అంది అవ్వ, ముక్కుపొడుం డబ్బీ మూస్తూ.

“కాళ్ళు లేవనుకో అవ్వా” అన్నాను. అచ్చం మా సారు గొంతే నా నోట్లోంచి వచ్చింది. 

కందులు పోశాను. గలగలా జారి, సందు దగ్గర మూడు నాలుగు కమాను కట్టి టక్కున ఆగిపోయాయి. పీట మీద వేలితో కొట్టాను, కొన్ని పడ్డాయి, మళ్ళీ ఆగాయి. “చూడవ్వా, ఇరుక్కున్నాయి. ఈ కందుల ఇంటికి ఏ కోడలొచ్చిందని ఇరుక్కున్నాయి? ఎవరు కాలు పెట్టినారు ఇక్కడ?” అన్నాను.

వంటింటి గడప దగ్గర చెన్నమ్మత్త చేతిలోని చెంబును రెండు చేతులతో పట్టుకుంది.

“ఇప్పుడు రాయి పెడతా” అని చిన్న బలపం ముక్కను తడిమట్టితో పీట మీద నిలబెట్టాను. మళ్ళీ కందులు పోశాను. ఒక్క గింజ కూడా రాలేదు. సందుకు మరీ దగ్గరగా పెట్టాను, అది మూత అయిపోయింది. అవ్వ పమిట నోటికి అడ్డం పెట్టుకుని, “వచ్చేవి గూడా ఆగిపాయె. ఇదేనా మీ కాలేజీ?” అని పగలబడి నవ్వింది. మామ కూడా నవ్వాడు. నాకు చెవులు మండాయి. బలపం పీకి కొంచెం పైకి పెట్టాను, మరీ పైకి పోయింది, పాత కథే. మళ్ళీ కిందికి జరిపాను. ఈసారి కందులు బలపానికి అటూ ఇటూ రెండు పాయలుగా చీలి, సందులోంచి జలజలా రాలిపోయాయి. మధ్యలో ఒకసారి ఆగాయి, కానీ వాటంతటవే కదిలాయి.

తాత మంచం దిగి వచ్చి పీట ముందు కూర్చున్నాడు. “మళ్ళా పొయ్యి” అన్నాడు. పోశాను. “బలపం తీసి పొయ్యి.” ఆగాయి. “ఇట్ల అడ్డంగా పెడితే?” అని తానే పెట్టి చూశాడు. దీపాలు పెట్టే వేళయినా ఆయన లేవలేదు. “వెనకవాటి తోపుడంతా రాయి మోస్తాది తాతా, వాకిట్లో ఉండేవాటి మీద పడదు” అని నేను చెప్తుంటే, విన్నాడో లేదో తెలియదు, కందులు ఏరి చేటలో పోస్తూ, “ఆ రాయి ముందుండిన చోటే పాతురా. పోయేదేముంది” అన్నాడు మామతో. తర్వాత అవ్వ వైపు తిరిగి, “రేపు పొద్దున చూద్దాం. వాళ్ళన్న వచ్చేలోపల తడిక తీస్తాం గదా. అప్పుడు చెప్తాం, తీసుకపోవాల్నో వద్దో” అన్నాడు.

అట్లా ఒక మనిషి సంసారం నా బలపం ముక్క మీద నిలబడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కందులు వేరు, గొర్రెలు వేరు అని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ మాట మీదే కదా నేను క్లాసు బయట నిలబడింది!

తెల్లవారింది. తాత తలగుడ్డ చుట్టాడు, విప్పాడు, చుట్టాడు. తడిక తీశాడు. మంద కదిలింది. ముందువి రాయి దగ్గరకొచ్చి చీలాయి, ఒక పాయ కుడికి, ఒక పాయ ఎడమకు, వాకిట్లో మళ్ళీ కలిశాయి. భుజాలు ఒరుసుకున్నాయి కానీ బిగుసుకోలేదు. వెనకవైతే నింపాదిగా ఏదో నములుకుంటూ వచ్చాయి. ఒక్క పిల్ల కూడా కింద పడలేదు. ధూళి లేచి సర్దుకునేసరికి దొడ్డి ఖాళీ. అవ్వ ఖాళీ దొడ్డిని చూసి, రాయిని చూసి, గట్టిగా తుమ్మి లోపలికి పోయింది. మధ్యాహ్నం చెన్నమ్మత్త అన్న వస్తే అవ్వే కోడికూర వండి పెట్టి, “ఊరికే చూసి పోదువని పిలిపించినాం నాయనా” అంది, ఏమీ ఎరగనట్టు. ఆ రాయి ఆ రోజు నుంచి నాదయింది. నేను ఫిజిక్సు పట్టుకున్నదీ, ఈనాటికీ వదలందీ ఆ పొద్దు వల్లనే. ఎన్ని బ్యాచీలకు ఆ కథ చెప్పానో నాకే తెలియదు. పిల్లలు మాత్రం కథంతా విని, “ఇది సిలబస్‌లో ఉందా మేడం?” అంటారు. మేము సారుతో కొట్లాడి బయట నిలబడే వాళ్ళం. వీళ్ళు రాపిడి లేదనుకో అంటే లేదనుకుంటారు, గొర్రె గుండు అంటే గుండు అని రాసుకుంటారు. ఏది తీసేశామో, ఎందుకు తీసేశామో ఒక్కరూ అడగరు.

బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఇంటికీ దొడ్డికీ కలిపి కంప స్థానంలో సిమెంటు గోడ, ఇనుప గేటు. రాయి మాత్రం ఇంకా పాత చోటే ఉంది, చుట్టూ తవ్వి మట్టి పక్కన పోశారు. గునపం గోడకు ఆనించి ఉంది. శేషు పెళ్ళి వచ్చే నెలలో.

“వదినా, నువ్వు సైన్సు చెప్పేదానివి, నీకు నేను చెప్పేంతటోన్ని కాదు” అన్నాడు శేషు. “కానీ గేటుకెదురు రాయి ఉంటే వేధ అంట, ఇంటికి కీడంట. వాస్తు ఆయన వచ్చి చూసి చెప్పినాడు. షామియానా బండి తిరగను కూడా అడ్డం.”

“గొర్రెలు వాస్తు చూసుకుని పోతాయా?”

“గొర్లు చూడవు. ఆ గేట్లోంచి నేను గూడా పోవాల గదా!”

“నువ్వు ఒక్కడివే పోతావా, గుంపుగా తోసుకుంటూ పోతావా?” అని నేను పీట, కందులు, బలపం మొదలుపెట్టాను. వాడికి ఆ కథ పుట్టినప్పటి నుంచి తెలుసు, పాపం మర్యాదగా విన్నాడు. చెన్నమ్మత్త అరుగు మీద కూర్చుని తుమ్మకాయలు ఏరుతోంది. ఎండు తుమ్మకాయలంటే గొర్రెలకు ప్రాణం, తెలుసు కదా. నేను బలపం దగ్గరకు వచ్చేసరికి ఆమె నవ్వింది.

“ఆ పొద్దు నేను గూడా ఒక పని చేసినా అమ్మే. నీకెప్పుడూ చెప్పలే.”

“ఏందత్తా?”

“చీకటితోనే లేసి, కంప సందులోంచి దొడ్డి యెనక పక్క ఒడి నిండా తుమ్మకాయలు పోసినా. సగం గొర్లు ఆడ మూతులు పెట్టుకోని ఉన్న్యాయి. నీ రాయి పని చేస్తాదో చెయ్యదో నాకేం తెలుసు? మా అన్న వస్తాండాడు. నేను కందుల్ని నమ్ముకోని కూర్చుంటానా?”

నేను అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాను. నింపాదిగా ఏదో నములుకుంటూ వచ్చిన వెనక గొర్రెలు ఇన్నేళ్ళ తర్వాత నా కళ్ళ ముందు మళ్ళీ నడిచాయి. చూశాను వాటిని, అప్పుడే చూశాను. రాయి లేచిన రోజే కోడలు రావడం ఎట్లాంటి చిక్కో అవ్వకు అరిచి చెప్పిన నేను, రాయి పాతిన పొద్దే తుమ్మకాయలు పడటం గమనించలేదు. రాయి వల్ల జరిగిందా, మేత వల్ల జరిగిందా? కందులకు తొందర ఉండదు. గొర్రెకు ఉంటుంది. ఆ తొందరనే నేను పీట మీద తీసేశాను, అత్తేమో తిన్నగా పోయి దాన్నే పట్టుకుంది. ముందు ఉక్రోషం వచ్చింది. ఆ వెనకే, చాలా రోజుల తర్వాత, మిల్లు తొట్టిలోకి తొంగి చూసినప్పటి జలదరింపు వచ్చింది.

“ఆ తర్వాత కూడా వేసేదానివా?”

“కాయల కాలం అయిపోయిందాకా. మళ్ళా మానేసినా.”

“మానేసినాక ఇరుక్కున్నాయా?”

“ఎక్కువగా లేదు. ఒకటి రెండుసార్లు ఇరుక్కున్న్యాయి. ఒక పిల్ల గూడా పోయింది.”

“చూశావా, అంటే రాయి పని చేస్తోందనే కదా! పూర్తిగా కాకపోయినా...”

“ఏమో తల్లీ.”

“ఏమో కాదత్తా, రేపు పొద్దున తేల్చేద్దాం. ఒకరోజు రాయి ఉంచి, మేత వేయకుండా. ఒకరోజు రాయి తీసి, మేత వేసి...”

“ఒక పొద్దు రాయీ లేకుండా, మేతా లేకుండా గూడా చూస్తావా?” అంది. “నలిగిన పిల్లను ఎవురు మోస్తారు, నువ్వా? నా గొర్లు నీ కందులు కాదులే, గమ్మునుండు.”

జవాబు లేని చోట కూడా ఏదో ఒకటి అనడం నాకు అలవాటు, అందుకని “నీ వల్ల నేను ఇన్నేళ్ళు పిల్లలకు సగం కథే చెప్పాను” అన్నాను.

ఆమె తుమ్మకాయల చేట పక్కన పెట్టి కాళ్ళు చాచుకుంది. మడమలు పగిలి, పలకల అంచుల్లా పొరలు లేచి ఉన్నాయి. మెట్టెలు లేవు. మిద్దె మీద నా ముందు చాచిన కాళ్ళే.

“గొర్లు మళ్ళా ఇరుక్కున్నప్పుడు ఏమైందో చెప్పలేదు గదా నీకు” అంది. “మీ అవ్వ పరిగెత్తుకోని వచ్చింది. నాకు గుండెకాయ ఆగిపోయింది. ఆమె నా కాళ్ళ దిక్కు చూడనే లేదు. రాయి పక్క పోయి కూర్చోని, ‘ఇది ఒరిగిందే, అందుకే’ అనింది. మీ తాత గునపం తెచ్చి సర్దినాడు. ఇంకోసారి మట్టి జారింది అన్న్యారు. ఇంకోసారి నువ్వు చెప్పినంత దూరంలో పాతలేదేమో అన్న్యారు. అంతే. ఈ ఇంట్లో మళ్ళా ఎవురూ నా పాదం మాటెత్తలే.”

లెక్క చేసేటప్పుడు ఏం తీసేయాలన్నదే అసలు పని అని నేను ముప్ఫై ఏళ్ళుగా బోర్డు ముందు నిలబడి చెప్తున్నాను. ఆకలి తీసేశాను, భయం తీసేశాను, కాళ్ళు తీసేశాను, అందులో సగం తీయకూడనివే. వాటన్నిటితో పాటు ఆ పీట మీది నుంచి ఇంకో జత కాళ్ళు కూడా తీసేశానన్నది మాత్రం నాకు ఇప్పటిదాకా తట్టనే లేదు.

శేషు గునపం చేతిలోకి తీసుకుని, “ఇంతకీ ఏం చేద్దామమ్మా? చీకటి పడతాంది” అన్నాడు.

“పూడ్చు” అంది చెన్నమ్మత్త.

“వేధ అంటే వినవేం? పెండ్లి పెట్టుకోని...”

“పెండ్లి ఉంది గనకనే పూడ్చమంటున్నా. ఆ పిల్ల వచ్చిన పొద్దే రాయి లేస్తే, రేపు మందలో ఒకటి తుమ్మినా దగ్గినా ఊరు దేన్ని చూస్తాది? ఏదన్నా జరిగితే రాయిని తిట్టుకుందాం. ఎంతన్నా తిట్టుకో, రాయిని పుట్టింటికి తోలేదైతే లేదు గదా.”

శేషు గునపం పక్కన పెట్టి పార తీసుకున్నాడు. నేను రాయిని నిటారుగా పట్టుకుని నిలబడ్డాను.